డబ్బాలో మిగిలిన చీటీ

డిసెంబరు పదమూడో తేదీ ఉదయం నా చేతిలో ఉన్నది ఇంత: ఆటోనగర్‌లో పదడుగుల వెడల్పున్న బేరింగుల షాపు, దాని ముందు లారీ దూరని సందు, ఖాళీ బిస్కట్ డబ్బా ఒకటి, తొమ్మిది చీటీలు, మూల షాపు మీద ఆశ.

మూల షాపు సంగతి ముందు చెప్పాలి. మా కాంప్లెక్సులో షాపులు ఎనిమిది. మూలది నా షాపును ఆనుకునే ఉంటుంది, రెండు రోడ్ల మీదికీ తెరుచుకుంటుంది, లారీ వచ్చి గుమ్మంలోనే ఆగుతుంది. మిగతా ఏడుగురం సరుకంతా సందు చివర దింపించుకుని మనుషుల చేత మోయించుకుంటాం. మూల షాపులో టైర్లు అమ్మే ఆయన నవంబరులో ఖాళీ చేసి వెళ్లిపోయాడు. ఓనరు ఆశాజ్యోతి గారు. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, కాంప్లెక్సు వెనకున్న ఇంట్లో ఒక్కరే ఉంటారు. మాకందరికీ టీచరు గారు. ఆ షాపు అడిగింది ఇద్దరం. ఒకణ్ణి నేను. రెండోవాడు నాకు రెండో పక్క షాపులో రంగులూ వెల్డింగు రాడ్లూ అమ్మే గవర్రాజు. ఇద్దరం ఒకే అద్దె ఇస్తామన్నాం.

"పండగ అయ్యాక చెప్తాను," అన్నారావిడ.

అందుకే ఆ ఏడాది క్రిస్మస్ పార్టీ పెత్తనం నేనే అడిగి నెత్తిన వేసుకున్నాను. ఇరవై మూడో తేదీ సాయంత్రం టీచరు గారి డాబా మీద. ఒక ప్రార్థన, రెండు పాటలు, తంబోలా, కుర్చీలాట, మా ఇంటి బిర్యానీ. అన్నిటికీ చివర క్రిస్మస్ ఫ్రెండ్. ఈ చివరిది మాత్రం వదలకూడదని ఆవిడ గట్టిగా చెప్పారు. చీటీలు వేసి తీయాలి. ఎవరి పేరొస్తే వాళ్లకు మనం ఫ్రెండు. పది రోజులు మనమెవరో తెలియకుండా చిన్న చిన్న బహుమతులు పెట్టాలి. పార్టీ రోజున లేచి బయటపడాలి.

"ఈసారి తవిటమ్మ పేరు కూడా రాయండి," అన్నారు టీచరు గారు.

తవిటమ్మ మాకు టీ పోస్తుంది, పొద్దున్నే కాంప్లెక్సు ఊడుస్తుంది. పన్నెండేళ్లుగా పార్టీకి టీ తెచ్చి, మెట్ల దగ్గరే నిలబడి, గ్లాసులు తీసుకుని దిగిపోయేది. ఏడుగురు షాపులవాళ్లం, టీచరు గారు, తవిటమ్మ, వెరసి తొమ్మిది. తొమ్మిది చీటీలు నేనే రాశాను. టీచరు గారి పేరున్న చీటీ మడత మీద చిన్న గ్రీజు చుక్క పెట్టాను. కంటికి ఆనదు, వేలికి తెలుస్తుంది. పది రోజులు ఆవిడకు నేను ఫ్రెండునైతే, పండగ అయ్యాక ఆవిడ నోట ఏ పేరు వస్తుందో నాకు లెక్క కుదిరింది.

ఆవిడ చీటీలు తన చేత్తో లెక్కపెట్టి డబ్బాలో వేశారు. జీవితమంతా పరీక్ష పేపర్లు లెక్కపెట్టిన చెయ్యి. తరవాత డబ్బా నా చేతికిచ్చి, "పెత్తనం మీది కాబట్టి మీరు ఆఖర్న తీయాలి," అన్నారు.

ఇది నా లెక్కలో లేదు. డబ్బా పట్టుకున్న బొటనవేలు లోపలికి పోనిచ్చాను. గ్రీజు చుక్క దొరికింది. చీటీ వేళ్ల సందున నొక్కిపెట్టి తిప్పడం మొదలుపెట్టాను. ఇక డబ్బాలో ఎనిమిది, తీసేవాళ్లు ఎనిమిది. గవర్రాజు చెయ్యి పెట్టి చాలాసేపు కెలికాడు.

"ఏటి బావ, బేరమాడతన్నావా సీటీల్తో?" అన్నాన్నేను.

"నీ డబ్బా కదా బావ, సూసుకోవాలి మరి," అన్నాడు.

తవిటమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని, కళ్లు మూసుకుని తీసింది. తీసిన చీటీ చదివించుకోవడానికి జెరాక్సు షాపు కామేశ్వరి గారి దగ్గరికి పరుగెత్తింది.

ఆఖరున నా వంతు. ఖాళీ డబ్బాలో చెయ్యి పెట్టినట్టు నటించి, వేళ్ల సందున ఉన్నది పైకి తీయాలి. డబ్బాలోకి చూశాను. అడుగున ఒక చీటీ ఉంది.

"తియ్యండి నజీర్ గారూ," అన్నారు టీచరు గారు. అందరూ నా చేతివంకే చూస్తున్నారు. తీశాను.

షాపులోకి వచ్చి బేరింగుల అట్టపెట్టెల వెనక రెండూ విప్పాను. గ్రీజుదాని మీద టీచరు గారి పేరు. రెండోదాని మీద తవిటమ్మ పేరు.

లెక్క చాలా తేలిక. ఎనిమిది చేతులు లోపలికి వెళ్లాయి, ఏడు చీటీలు బయటికి వచ్చాయి. ఒక చెయ్యి ఖాళీగా వచ్చింది. ఆ చేతిలో ఇంటి దగ్గర రాసుకొచ్చిన చీటీ ఉండి ఉండాలి. ఆ చీటీ మీద ఏ పేరుంటుందో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. మూల షాపు కావలసినవాళ్లం ఇద్దరమే. నాకు వచ్చిన ఆలోచన నాకొక్కడికే వస్తుందనుకోవడం ఒక్కటే నేను చేసిన పొరపాటు.

అప్పుడే అరిచి ఉంటే? ఏమని అరవాలి? ఆఖరి చీటీ నాది. డబ్బాలో ఒకటి మిగలడం న్యాయమే. ఒకటి ఎక్కువ మిగిలిందని తెలిసింది లోకంలో నాకొక్కడికే, ఎందుకంటే రెండోది నా వేళ్ల సందున ఉంది. వాడి దొంగతనం చెప్పాలంటే ముందు నాది చెప్పుకోవాలి.

ఇంటికెళ్లి నర్గీస్‌కు చెప్పాను. మాది పాత నగరం, మూడు తరాలుగా వ్యాపారం. లెక్కల్లో నా భార్య నాకంటే ఒక మెట్టు పైనే ఉంటుంది. కడుపు పట్టుకుని నవ్వింది.

"టీచరమ్మకు ఇద్దరు ఫ్రెండ్లు, టీ ఆమెకు సున్నా. పార్టీ రోజున ఆవిడ కోసం ఇద్దరూ లేచి నిలబడతారు. చీటీలు రాసిందెవరు? మీరు. డబ్బా పట్టుకున్నదెవరు? మీరు. గవర్రాజును ఎవరడుగుతారు?"

"అందుకే కదా నీకు చెప్తున్నాను."

"నాకు చెప్తే చీటీ పోతుందా? రెండు పేర్లు జేబులో పెట్టుకున్నారు, ఇద్దరికీ పెట్టండి. ఆ తరవాత అల్లా చూసుకుంటాడు."

మొదటి రోజు టీచరు గారి వరండా ఉయ్యాల మీద ప్లమ్ కేకు పెట్టి వచ్చాను. తవిటమ్మకు ఏమీ పెట్టలేదు. ఒక రోజు ఆగి చూద్దామనుకున్నాను. ఆ రోజు కౌంటర్ల మీద అందరికీ ఏదో ఒకటి వచ్చింది. చాక్లెట్టు, పెన్ను, కమలాపండు. తవిటమ్మ తను కూర్చునే ప్లాస్టిక్ డబ్బా బోర్లించి కింద చూసింది. చీపురు మూల చూసింది. గ్లాసుల బుట్టలో ఒక్కొక్క గ్లాసూ తీసి చూసింది. తరవాత నాకు టీ పోస్తూ అడిగింది.

"సాయిబు గోరూ, నా సీటీ డబ్బాలో ఏసినారా, మర్సిపోనారా?"

"వేశాను తవిటమ్మా."

"అయితే ఎవలికొచ్చిందో ఆలికి ఇట్టం లేదేటో," అంది. ఏడవలేదు, నిష్టూరమాడలేదు. గ్లాసు కడుక్కుని వెళ్లిపోయింది.

రెండో రోజు నుంచి ఇద్దరికీ పెట్టడం మొదలుపెట్టాను. కామేశ్వరి గారి షాపులోనే రంగు కాగితాలు దొరుకుతాయి. వాళ్ల ఆయనకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం, ఊరు నిడదవోలు దగ్గర. ఆవిడ కళ్లకు ఏదీ తప్పదు.

"ఏవండీ నజీర్ గారూ, ఉన్నది ఒక్క ఫ్రెండే కదండీ, రోజుకి రెండు కాగితాలేంటండీ?"

"ఒకటి చుట్టేటప్పుడు చిరిగిపోతందమ్మా."

"బేరింగులు అంత బాగా సర్దే చేతులండీ అవి," అని నవ్వారు.

ఆ రోజుతో రెండో కాగితం కొనడం మానేశాను. టీచరు గారి పొట్లాలు రంగు కాగితంలో, తవిటమ్మవి బేరింగులు చుట్టి వచ్చే మట్టిరంగు కాగితంలో. మొదట ఆమెకు షాపులో చేతికందినవే పెట్టాను. ఒక నూలు గుడ్డ, ఒక చిన్న టార్చి. ఆమె ఆ టార్చిని పట్టపగలే వెలిగించి ఏడు షాపుల గుమ్మాల్లోనూ చూపించింది. "ఎవలో గాని సూడు, నాకు తెల్లారకట్ట సీకట్లో రావాలని ఆలికి తెలుసు," అంది. నాకు తెలియదు. అది నా దగ్గర అమ్ముడుపోని టార్చి.

ఆమె అలా అన్నాక చూడకుండా ఉండలేకపోయాను. ఫ్లాస్కు మూత పగిలి రబ్బరు బాండుతో కట్టి ఉంది. కొత్త మూత వెతికి పెట్టాను. బరువుకు టీ క్యాను పిడి వేళ్లు కోస్తోంది. రబ్బరు గొట్టం ముక్క కోసి పెట్టాను, పిడికి తొడుక్కుంది. ప్రతి కాగితాన్నీ మడత పోకుండా దాచుకుంటోంది.

ఐదో రోజు టీచరు గారు నన్ను పిలిచారు.

"నియమాలు అందరికీ సరిగ్గా చెప్పారా? నాకు రోజూ రెండు పొట్లాలు వస్తున్నాయి. ఒకటి ఎర్ర కాగితం, ఒకటి పువ్వుల కాగితం."

ఎర్ర కాగితం నాది. "మీ ఫ్రెండు హుషారు మీద ఉన్నారేమో టీచరు గారూ," అన్నాను. గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

ఆ మధ్యాహ్నం గవర్రాజు షాపులో కూర్చున్నాను. వాడిది ఎలమంచిలి. పదేళ్లుగా పక్కపక్కన ఉన్నాం.

"బావ, ఒక మాట. ఈ ఆటలో ఒకే మనిషికి ఇద్దరు ఫ్రెండ్లు వచ్చీసినారనుకో, ఏటి సెయ్యాలంటావ్?"

గవర్రాజు బ్రష్షుల కట్ట విప్పుతూ తల ఎత్తలేదు. "అలగెలా వత్తారు బావ? సీటీలు రాసింది నువ్వే కదేటి."

"రాసింది నానే. తీసింది అందరూ."

"మరైతే తీసినోలంతా సక్కంగానే తీసినారు. తేడా వస్తే రాతలో తేడా అంటారు." అప్పుడు తల ఎత్తాడు. "ఎందుకల అడుగుతన్నావ్? నీకెవలొచ్చారేటి?"

"సెప్పకూడదు కదా."

"నాకూ సెప్పకూడదు," అన్నాడు. నాకు టీ తెప్పించాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ తాగాం. వాడు దిగడని తేలిపోయింది. నేను దిగితే మూల షాపు పోతుంది.

కాబట్టి ఇంకాస్త ఎక్కాను. టీచరు గారి ఇంటి ముందు పక్కకు జరిగే ఇనప గేటు మూడేళ్లుగా కదలడం లేదు. ఆవిడ పక్కనున్న చిన్న సందులోంచి ఒరుసుకుని వస్తారు. ఇరవై రెండో తేదీ ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లిన రెండు గంటల్లో గేటు ఎత్తి, అరిగిపోయిన చక్రాలు తీసేసి, మంచి బేరింగులతో కొత్తవి వేశాను. ఆవిడ వచ్చి ఒంటి వేలితో తోస్తే గేటు చివరిదాకా జారిపోయింది. మళ్లీ లాగారు, మళ్లీ తోశారు. నేను షాపు వెనక కిటికీలోంచి చూశాను. మూల షాపు నాదేననుకున్నాను.

ఇరవై మూడో తేదీ సాయంత్రం. అనుకున్నవన్నీ జరిగాయి. మొబైల్ షాపు అనిరుధ్ మైకులో నంబర్లు చదివాడు. నేను తంబోలా మూడు రౌండ్లు పెట్టించాను, నాలుగో రౌండుకు టికెట్లు పంచబోయాను. పొద్దుపోతే క్రిస్మస్ ఫ్రెండ్ ఆట కుదించి అందరికీ ఒకేసారి బహుమతులు పంచేద్దామని నా ఆలోచన.

"చాలు నజీర్ గారూ. ఇక అసలుది," అన్నారు టీచరు గారు. "చీటీ ఆఖర్న తీసినవారు ముందు చెప్పాలి. లేవండి."

నా కుర్చీ కింద రెండు పొట్లాలున్నాయి. ఎర్ర కాగితంలో టీచరు గారికి ఉన్ని శాలువా. మట్టిరంగు కాగితంలో కొళాయి ఉన్న స్టీలు టీ క్యాను. లేచాను. లేచేటప్పటికి ఏది తీయాలో తేల్చుకోలేదు.

లెక్క మాత్రం నడుస్తోంది. ముందు లేచినవాడిది పైచెయ్యి. టీచరు గారు అని చెప్పి గేటు మాట ఎత్తితే చాలు, బేరింగు మనిషిని కాబట్టి అందరూ నమ్ముతారు. నా తరవాత గవర్రాజు లేచి అదే పేరు చెబితే దొంగ వాడవుతాడు. మూల షాపు నాది. ఖర్చు ఒక్కటే, తవిటమ్మ కోసం ఎవరూ లేవరు.

తవిటమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. పన్నెండేళ్లలో ఆ డాబా మీద ఆమె కూర్చోవడం నేను చూడలేదు. కుర్చీ అంచు మీద, లేవమంటే లేవడానికి సిద్ధంగా. ఒళ్లో మట్టిరంగు కాగితాల దొంతర. నా ముఖం కాదు, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూస్తోంది.

నేను మంచివాణ్ణని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఎవరూ లేవకపోతే ఆమె ఆ కాగితాలు నలుగురికీ చూపిస్తుంది, అవి ఎవరి షాపువో అందరికీ తెలుసు. ఆ భయం నాకుంది. భయం ఒక్కటేనా అంటే, ఆ సాయంత్రం నుంచి ఇవాళ్టిదాకా తూచి చూస్తున్నాను, ఇంకా తేలలేదు. ఎర్ర పొట్లాన్ని మడమతో వెనక్కి తోసి, రెండోది తీశాను.

"నాకు తవిటమ్మ వచ్చింది," అన్నాను.

తవిటమ్మ దొంతర ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా వాసన చూసి నా వైపు చెయ్యి చాచింది. "నాననుకున్నాను! మొదటి పొట్లంతోనే అనుకున్నాను! గ్రీజు కంపు! నా కోకంతా గ్రీజు కంపే సాయిబు గోరూ!"

డాబా అంతా నవ్వింది. ఆమె క్యాను విప్పి, కొళాయి తిప్పి, మళ్లీ తిప్పింది. "మరి మొదట్రోజు ఎందుకు పెట్టనేదు?" అని అందరి ముందూ నిలదీసింది.

"మర్చిపోయాను."

"అబద్దం. ఆలోసించుంటారు," అంది. మళ్లీ అందరూ నవ్వారు. నేను కూర్చున్నాను.

తరవాత లేచింది గవర్రాజు. టీచరు గారి పేరు చెప్పి పువ్వుల కాగితంలో చుట్టిన గోడ గడియారం ఇచ్చాడు. ఆవిడ వెంటనే కూర్చోనివ్వలేదు.

"అయితే రెండు పొట్లాలూ మీవేనా? ఎర్ర కాగితంవి కూడా?"

గవర్రాజు నా వంక చూశాడు. నేను వాడి వంక చూశాను. కాదు అంటే రెండో మనిషెవరని వెతుకుతారు, వెతికితే చీటీలు లెక్కపెడతారు. అవునంటే నా సరుకంతా వాడి ఖాతాలో పడుతుంది. ఆ డాబా మీద నా గొంతు ఆ ఒక్క క్షణం వాడి చేతిలో ఉంది.

"నాయేనండి," అన్నాడు.

"గేటు కూడానా?"

గేటు సంగతి వాడికి అప్పటిదాకా తెలియదు. "గేటు... గేటు కూడా నానేనండి."

"రంగులమ్మే మీకు చక్రాలు మార్చడం కూడా వచ్చన్నమాట," అన్నారు టీచరు గారు. ఆవిడ నవ్వు వాడి మీద ఉందో నా మీద ఉందో నేను చెప్పలేను. మోసం చేసిన నన్ను ఇంకొకడి మోసం కాపాడింది. థాంక్స్ చెప్పడానికీ లేదు, తిట్టడానికీ లేదు. బిర్యానీ వడ్డించాను.

ఇరవై ఆరో తేదీ పొద్దున్న ఆవిడ మూల షాపు తాళాలు గవర్రాజుకిచ్చారు. కారణం చెప్పలేదు. మేం అడగలేదు.

అదే మధ్యాహ్నం వాడు నా షాపులోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అట్టపెట్టెల మీది నంబర్లు ఒక్కొక్కటే చదివాడు.

"ఏ సైజు బేరింగులు బావ అయి?" అన్నాడు చివరికి.

"ఎందుకల?"

"టీచరమ్మ రేపేనా అడిగితే సెప్పాల కదా."

చెప్పాను. వాడు ఫోనులో రాసుకున్నాడు.

"సీటీ తెచ్చుకున్నాను నిజమే," అన్నాడు గుమ్మంవైపు చూస్తూ. "ఒకటి మిగిల్తే ఎవలో ఒకలు సూసుకుంటారులే అనుకున్నాను. నీ చేతిలో ఇంకోటుందని నాకేటి తెలుసు?"

"తెలిస్తే?"

"తెలిస్తే ఇంకో పేరు రాసుకుందును." ఇద్దరం నవ్వాం. నవ్వు తొందరగానే అయిపోయింది. "నువ్వెల్లి సెప్పీయొచ్చు బావ. సెప్పవు. నానూ సెప్పను. ఇద్దరం ఒకే గోనెలో ఉన్నాం. ఒకటి సేద్దాం. నీ లారీ నా గుమ్మంలో ఆపుకో. పక్క గోడకి తలుపు ఎట్టుకో, సరుకు నా షాపులోంచే నీ షాపులోకి పట్టుకుపో. టీచరమ్మని నానే అడుగుతాను."

"అద్దె?"

"ఏ మొకంతో అడగమంటావ్?" అన్నాడు.

ఇవాళ జనవరి మూడు. టీచరు గారు ఒప్పుకున్నారు, గోడకు తలుపు పడింది, నా మొదటి లారీ గవర్రాజు గుమ్మంలో ఆగింది. వాడే పక్కన నిలబడి దింపించాడు. టీచరు గారు గేటు తోసుకుని వచ్చి, సరుకు ఒక షాపులోంచి ఇంకో షాపులోకి పోవడం చూసి, "మంచి పక్కవాళ్లు" అని వెళ్లారు. గేటు చప్పుడు లేకుండా జారింది. అది జారినప్పుడల్లా మేమిద్దరం పనిలో తల దించుకుంటాం. ఇక ముందు కూడా దించుకుంటాం. ఆ గేటు ఇరవై ఏళ్లు నడుస్తుంది, నేను వేసిన బేరింగు అది.

ఆఖరి లెక్క ఇది. మూల షాపు పోయింది. దాని గుమ్మం వచ్చింది. నర్గీస్‌కు ఎర్ర కాగితంలో ఒక ఉన్ని శాలువా వచ్చింది. వదిలించుకోలేని స్నేహితుడు ఒకడు వచ్చాడు. రెండు చీటీలు జేబులో ఉన్నాయి, ఎక్కడ పారేయాలో తెలియడం లేదు. పొద్దున్నే తవిటమ్మ పోసే మొదటి టీ గ్లాసు ఇన్నాళ్లూ గవర్రాజుకు వెళ్లేది. ఇప్పుడు కొత్త క్యాను కొళాయిలోంచి నాకు వస్తోంది.